అధ్యక్షుల ఇళ్ళను పెరటిదాకా చూద్దాం



వేసవి వచ్చిందంటే మన ఊళ్ళ నుంచి ఎంతోమంది తల్లిదండ్రులు అమెరికా విమానం ఎక్కుతారు. పిల్లల దగ్గర కొన్ని నెలలు ఉండి వస్తారు. ఆ నెలల్లో పిల్లలు తిప్పి చూపించే చోట్లు దాదాపు అందరికీ ఒకటే. నయాగరా జలపాతం, న్యూయార్కులో స్వేచ్ఛా ప్రతిమ, టైమ్స్ స్క్వేర్, పిట్స్‌బర్గ్ వెంకన్న గుడి, వాషింగ్టన్‌లో శ్వేతసౌధం ముందు ఒక ఫొటో. అవన్నీ చూడదగ్గవే. ఇవాళ నేను చెప్పబోయేది ఇంకో ప్రయాణం. కుటుంబమంతా ఒక కారులో కూర్చుని, అమెరికా తొలి అధ్యక్షులు బతికిన ఇళ్ళకీ, ఆ దేశ చరిత్ర మలుపు తిరిగిన చోట్లకీ వెళ్ళే ప్రయాణం.

ఫిలడెల్ఫియాలో మొదలుపెట్టి, గెటిస్‌బర్గ్ మీదుగా వాషింగ్టన్ నగరం చేరి, అక్కణ్ణించి వర్జీనియాలోకి దిగి మౌంట్ వెర్నన్, మాంట్‌పీలియర్, మాంటిచెల్లో చూడొచ్చు. న్యూజెర్సీలో, మేరీలాండ్‌లో, ఉత్తర వర్జీనియాలో మన తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. వాళ్ళ గుమ్మంలోంచి ఇవన్నీ కొన్ని గంటల దూరమే. హైస్కూల్లో సోషల్ పాఠాలు చెప్పి రిటైరైన దాన్ని కనుక, మా అమ్మాయి ఎక్కడికి వెళదామని అడిగినప్పుడు నేను ఈ దారే కోరుకున్నాను. డిక్కీలో పులిహోర, పెరుగన్నం, జంతికల డబ్బా పెట్టుకుని, అల్లుడు కారు నడుపుతుంటే, మనవరాలు, మనవడు చెరో పక్కా కూర్చుని బయల్దేరాం.

1776 జూలై 4న అమెరికా స్వాతంత్ర్య ప్రకటన వెలువడింది. 2026తో దానికి 250 ఏళ్ళు. మనుషులందరూ సమానులుగానే పుట్టారని ఆ ప్రకటన చెప్పింది. అది రాసిన జెఫర్సన్, ఆ దేశానికి తొలి అధ్యక్షుడైన వాషింగ్టన్, రాజ్యాంగ పితగా పేరు పొందిన మాడిసన్, ముగ్గురూ బానిసల యజమానులు. వాళ్ళ ఇళ్ళల్లో ముందు హాలు చెప్పే కథ ఒకటి, వెనక వంటిల్లు చెప్పే కథ ఇంకొకటి. రెండూ వింటేనే ఆ మనుషులు అర్థమవుతారు, ఆ దేశమూ అర్థమవుతుంది. పిల్లలతో వెళ్ళేవాళ్ళు ఆ ఇళ్ళను పెరటిదాకా చూసి రండని చెప్పడానికే ఈ ప్రసంగం.

ముందుగా ఫిలడెల్ఫియా. అక్కడి ఇండిపెండెన్స్ హాల్ ఎర్ర ఇటుకల కట్టడం. అప్పట్లో అది పెన్సిల్వేనియా ప్రభుత్వ భవనం. స్వాతంత్ర్య ప్రకటనను ఆమోదించింది అందులోనే, 1787లో రాజ్యాంగం మీద సంతకాలు చేసిందీ ఆ గదిలోనే. వరసగా బల్లలు, వాటిమీద ఈకల కలాలు, సిరాబుడ్లు. ఎదురుగా వాషింగ్టన్ కూర్చున్న కుర్చీ. దాని వీపు చెక్కమీద బంగారు రంగులో సగం సూర్యుడు చెక్కి ఉంటాడు. అది ఉదయించే సూర్యుడా, అస్తమించే సూర్యుడా అని సమావేశాలు జరిగినన్నాళ్ళూ తేల్చుకోలేకపోయాననీ, సంతకాలు అవుతుండగా ఉదయించే సూర్యుడేనని తెలిసిందనీ బెంజమిన్ ఫ్రాంక్లిన్ అన్నారు. ఆ రాజ్యాంగం ప్రజల పేరుతో మొదలవుతుంది. మన రాజ్యాంగ పీఠిక కూడా ప్రజల పేరుతోనే మొదలవుతుంది. ఏళ్ళ తరబడి తరగతిలో పీఠిక చదివించిన నాకు ఆ గదిలో కాసేపు నిలబడిపోవాలనిపించింది.

రోడ్డు దాటితే లిబర్టీ బెల్, పగులుబారిన పెద్ద గంట. దానికి ఆ పేరు స్థిరపడింది 1830లలో. బానిసత్వాన్ని రద్దు చెయ్యాలని పోరాడినవాళ్ళు ఆ గంటను తమ గుర్తుగా పెట్టుకున్నారు. ఆ గంట ఉన్న భవనాన్ని ఆనుకునే ఒక ఇంటి ఆనవాలు ఉంది. శ్వేతసౌధం పూర్తికాకముందు, ఫిలడెల్ఫియా రాజధానిగా ఉన్నప్పుడు, వాషింగ్టన్ అధ్యక్షుడిగా కాపురమున్న ఇల్లు అది. ఇల్లు ఎప్పుడో కూల్చేశారు. పునాదులు తవ్వి చూసి, ఆ గదుల గీత తెలిసేలా 2010లో స్మారకం కట్టారు. ఆ ఇంట్లో పనిచేసిన తొమ్మిదిమంది బానిసల పేర్లు గోడమీద చెక్కారు.

అందులో ఓనా జడ్జ్ అనే పేరు ఉంది. ఆవిడ అధ్యక్షుడి భార్య మార్తా వాషింగ్టన్‌గారికి దుస్తులు తొడిగే, కుట్టుపని చేసే మనిషి. పెన్సిల్వేనియాలో 1780 నాటి చట్టం ప్రకారం, బయటినుంచి వచ్చిన యజమాని దగ్గర ఆరు నెలలు వరసగా ఉన్న బానిస స్వేచ్ఛ పొందవచ్చు. అందుకని గడువు దగ్గరపడేసరికి వాళ్ళను రాష్ట్రం దాటించి మళ్ళీ తీసుకొచ్చేవారు. 1796లో, తనను మార్తాగారి మనవరాలికి కానుకగా ఇవ్వబోతున్నారని తెలిసి, ఇంట్లోవాళ్ళు భోజనం చేస్తున్న సమయంలో ఓనా బయటికి నడిచి వెళ్ళిపోయారు. ఓడ ఎక్కి న్యూ హాంప్‌షైర్ చేరుకున్నారు. అధ్యక్షుడు మనుషులను పంపించినా వెనక్కి రాలేదు. 1848లో చనిపోయేదాకా, చట్టం దృష్టిలో పారిపోయిన బానిసగానే, స్వేచ్ఛగా బతికారు. మా మనవరాలు ఆ రాతి గోడమీద ఆ పేరు వెతికి, అక్షరాల గాడిలో వేలు పెట్టి చివరిదాకా రాసింది. అప్పుడు వాళ్ళమ్మను అడిగింది: "ఈమె గురించి మాకు స్కూల్లో ఎందుకు చెప్పలేదు?" మిగతా దారంతా ఆ పిల్ల ప్రతి ఇంట్లోనూ ఇక్కడ పని ఎవరు చేశారని అడుగుతూనే ఉంది.

అక్కణ్ణించి పడమటికి గెటిస్‌బర్గ్. 1863 జూలై 1 నుంచి 3 దాకా అమెరికా అంతర్యుద్ధంలో ఉత్తర, దక్షిణ సైన్యాలు ఇక్కడ తలపడ్డాయి. చనిపోయినవాళ్ళు, గాయపడ్డవాళ్ళు, బందీలైనవాళ్ళు, జాడ తెలియనివాళ్ళు అంతా కలిపి సుమారు 51,000 మంది అని లెక్క. ఇప్పుడు చూస్తే పచ్చటి పొలాలు, రాళ్ళ గట్లు, ఎక్కడ చూసినా స్మారక స్తంభాలు. సైనికుల శ్మశానంలో సమాధులు అర్ధవృత్తాలుగా వరసలు తీరి ఉంటాయి. పేరు తెలియని సైనికుల దగ్గర నేలకు కాస్త ఎత్తులో చిన్న చదరపు రాయి, దానిమీద ఒక అంకె మాత్రమే ఉంటుంది. పేరు లేదు, ఊరు లేదు. అలాంటివి తొమ్మిది వందలకు పైనే. మా మనవడు ఒక రాయి దగ్గర గొంతుక్కూర్చుని, "అమ్మమ్మా, వీళ్ళమ్మకి తెలిసిందా?" అని అడిగాడు. చాలామంది అమ్మలకు తెలియలేదురా నాన్నా అని చెప్పాను.

ఆ శ్మశానాన్ని అంకితం చేసే సభ 1863 నవంబరు 19న జరిగింది. ప్రధాన వక్త ఎడ్వర్డ్ ఎవరెట్ రెండు గంటలు మాట్లాడారు. తరవాత అప్పటి అధ్యక్షుడు అబ్రహాం లింకన్ లేచి రెండు మూడు నిమిషాల్లో ముగించారు. ఇవాళ లోకం గుర్తుపెట్టుకున్నది ఆ రెండు నిమిషాలనే. 87 ఏళ్ళ కిందట పుట్టిన దేశమని లింకన్ మొదలుపెట్టారు. 1863లోంచి 87 తీసెయ్యమని మనవరాలికి చెబితే, "1776, మనం ఫిలడెల్ఫియాలో చూసిందే!" అంది. రాజ్యాంగం వచ్చిన 1787 నుంచి ఆయన లెక్క మొదలుపెట్టలేదు. ఆ రాజ్యాంగం బానిసత్వాన్ని ఉండనిచ్చింది. అందరూ సమానమన్న ప్రకటన నుంచి లెక్కపెట్టి, ఆ మాట నిలబెట్టుకోవడానికే ఈ యుద్ధమని సభకు చెప్పారు.

యుద్ధభూమి పక్కనే, సైన్యాధికారిగా ఉండి తరవాత అధ్యక్షుడైన ఐసెన్‌హోవర్ వ్యవసాయ క్షేత్రం ఉంది. సైన్యంలో జీవితమంతా ఊళ్ళు మారిన ఆ దంపతులు సొంతంగా కొనుక్కున్న ఇల్లు ఇదొక్కటే, 1950లో. అధ్యక్షుడి ఇల్లంటే ఊహించుకునే ఆడంబరం లేదు. అద్దాలు బిగించిన వసారాలో కూర్చుని టీవీ చూస్తూ భోంచేసేవారట. 1956 డిసెంబరులో మన ప్రధాని నెహ్రూగారు అమెరికా వెళ్ళినప్పుడు ఐసెన్‌హోవర్ ఆయన్ని ఈ ఇంటికి తీసుకొచ్చారు. ప్రచ్ఛన్నయుద్ధ కాలంలో ఏ కూటమిలోనూ చేరని దేశపు నాయకుడు, ఒక కూటమికి పెద్దయిన నాయకుడు ఈ పొలం గట్టున గంటల తరబడి మాట్లాడుకున్నారు. మనవాళ్ళు గెటిస్‌బర్గ్ వెళితే ఈ ఇల్లు వదలొద్దు.

వాషింగ్టన్ నగరంలో శ్వేతసౌధం అందరూ చూస్తారు. దానికి మూడు మైళ్ళ దూరంలో, కాస్త ఎత్తున, లింకన్ వేసవి కుటీరం ఉంది. 1862 నుంచి 1864 దాకా వేసవిలో ఆయన కాపురం అక్కడే. రోజూ గుర్రంమీద ఆఫీసుకు వెళ్ళి వచ్చేవారు. బానిస విమోచన ప్రకటన గురించి ఆలోచించి, చిత్తు రాసుకున్న రోజులు అవి. ఆ గదుల్లో సామాను పెద్దగా పెట్టలేదు. ఖాళీ గదుల్లో నిలబెట్టి, లింకన్ ముందున్న చిక్కులేమిటో, ఎటు మొగ్గాలని ఆయన మథనపడ్డారో చెబుతారు.

ఇప్పుడు వర్జీనియా. పొటోమాక్ నది ఒడ్డున మౌంట్ వెర్నన్, జార్జ్ వాషింగ్టన్ ఇల్లు. దూరం నుంచి తెల్లరాతి కట్టడంలా కనిపిస్తుంది. దగ్గరికి వెళ్ళి చూస్తే గోడలు చెక్క. పలకల అంచులు చెక్కి, తడిరంగు మీద ఇసుక చల్లి రాయిలా తయారుచేశారు. ముందు హాల్లో గాజు పెట్టెలో ఒక పెద్ద ఇనప తాళంచెవి ఉంది. పారిస్‌లో బాస్టీల్ జైలును ప్రజలు కూలగొట్టాక, దాని తాళంచెవిని ఫ్రెంచి సేనాని లఫాయెట్ 1790లో వాషింగ్టన్‌కు కానుకగా పంపించారు. స్వేచ్ఛకు గుర్తుగా వచ్చిన ఆ తాళంచెవి హాల్లో వేలాడుతుంటే, అదే ఆవరణలో వందలమంది బానిసలుగా బతికారు. 1799లో వాషింగ్టన్ చనిపోయేనాటికి ఆ ఎస్టేటులో 317 మంది బానిసలున్నారు.

ఆయన తన వీలునామాలో ఒక పని చేశారు. తన సొంతమైన 123 మందినీ భార్య తదనంతరం విడిచిపెట్టాలని రాశారు. మార్తాగారు అంతదాకా ఆగకుండా 1801 జనవరి 1నే వాళ్ళకు విముక్తి ఇచ్చారు. మిగిలినవాళ్ళలో ఎక్కువమంది మార్తాగారి మొదటి భర్త ఆస్తి కింద వచ్చినవాళ్ళు. వాళ్ళను విడిచిపెట్టే హక్కు ఆ దంపతులిద్దరికీ లేదు. ఈ రెండు వర్గాలవాళ్ళూ ఒకరినొకరు పెళ్ళాడి పిల్లల్ని కన్నవాళ్ళే. అందువల్ల భర్తకు స్వేచ్ఛ వచ్చి భార్యకు రాని ఇళ్ళున్నాయి. తండ్రి బయటికి నడిచి, పిల్లలు అక్కడే మిగిలిపోయిన ఇళ్ళున్నాయి. వాషింగ్టన్ చేసిన మేలు ఎంతవరకు వెళ్ళిందో, ఎక్కడ ఆగిందో రెండూ ఆ ఎస్టేటులో చెబుతున్నారు. పనివాళ్ళ గదుల్లో వరసగా ఉన్న చెక్క బల్లలు, పొగచూరిన పొయ్యి, నది వైపున్న వాళ్ళ శ్మశాన స్థలం, అన్నీ చూడాలి.

ఈ ఇల్లు ఇవాళ నిలబడి ఉందంటే అది ఆడవాళ్ళ చలవ. 1853లో పొటోమాక్‌లో స్టీమరు మీద వెళుతున్న ఒక తల్లి, శిథిలమవుతున్న ఈ ఇంటిని చూసి కూతురికి ఉత్తరం రాశారు. కూతురు ఆన్ పమేలా కనింగ్‌హామ్ ఆరోగ్యం బాగాలేని మనిషి. అయినా దేశమంతటా మహిళలను కూడగట్టి, చందాలు పోగుచేసి, రెండు లక్షల డాలర్లకు ఇంటిని బేరమాడారు. అప్పటికి అమెరికాలో ఆడవాళ్ళకు ఓటు లేదు. ఆ మహిళల సంఘమే ఇప్పటికీ ఈ ఇంటిని చూసుకుంటోంది, ప్రభుత్వ సొమ్ము తీసుకోకుండా.

దక్షిణానికి వెళితే బ్లూ రిడ్జ్ కొండలకు ఎదురుగా మాంట్‌పీలియర్, జేమ్స్ మాడిసన్ ఇల్లు. పై అంతస్తులో ఆయన పుస్తకాల గది ఉంది. పారిస్ నుంచి జెఫర్సన్ పెట్టెల కొద్దీ పంపించిన పుస్తకాలు చదివి, పూర్వకాలపు గణతంత్రాలు ఎందుకు కూలిపోయాయో నోట్సు రాసుకుని, 1787 సమావేశానికి ఆయన సిద్ధమయ్యారు. కిటికీలోంచి చూస్తే కొండలు నీలంగా కనిపిస్తాయి. ఇంత చక్కటి చదువుల గది నేనింకెక్కడా చూడలేదు.

తరవాత నేలమాళిగలోకి దిగాలి. 2017లో అక్కడ బానిసల జీవితం మీద ప్రదర్శన ఏర్పాటుచేశారు. ఆ బానిసల వారసుల మాటలు, వాళ్ళ గొంతులతోనే వినిపిస్తారు. అక్కడ ఇటుకలు చూపించారు. ఆరబెట్టకముందు పచ్చి మట్టిమీద పడిన వేళ్ళ గుర్తులు వాటిమీద అలాగే కాలి గట్టిపడ్డాయి. ఇటుకలు తిరగేసి ఆరబెట్టే పని చాలాచోట్ల పిల్లలకు అప్పగించేవారు. మా మనవడు తన చెయ్యి ఎత్తి, ఆ గుర్తులకు కాస్త ఇవతలే గాలిలో వేళ్ళు పరిచి కొలత చూసుకున్నాడు. ఇక్కడ పని ఎవరు చేశారన్న అక్క ప్రశ్నకు ఆ ఇటుకే సమాధానం చెప్పింది.

ఈ ఇంట్లో పుట్టిన పాల్ జెన్నింగ్స్‌ను కూడా గుర్తుపెట్టుకోవాలి. పదేళ్ళ వయసులో మాడిసన్ దంపతులతో శ్వేతసౌధానికి వెళ్ళారు. 1814లో బ్రిటిష్ సైన్యం దాన్ని తగలబెట్టిన రోజున అక్కడే ఉన్నారు. మాడిసన్ ఆఖరి ఘడియల్లో పక్కనున్నదీ ఆయనే. అయినా మాడిసన్ ఆయనకు స్వేచ్ఛ ఇవ్వలేదు. సెనేటర్ డేనియల్ వెబ్‌స్టర్ 1847లో 120 డాలర్లకు కొని విడిపిస్తే, ఆ బాకీని జెన్నింగ్స్ నెలనెలా పనిచేసి తీర్చుకున్నారు. మాడిసన్‌గారి భార్య డాలీ ముసలితనంలో తిండికి కూడా ఇబ్బందిపడుతున్నప్పుడు, తన జేబులోంచి తీసి చిన్న చిన్న మొత్తాలు ఇచ్చి వచ్చారు. శ్వేతసౌధం జీవితం గురించి అచ్చయిన తొలి జ్ఞాపకాల పుస్తకం ఆయనదే, 1865లో. అంతమంది పెద్దమనుషుల మధ్య నాకు ఆ ఇంట్లో అందరికన్నా పెద్దమనిషిగా కనిపించింది జెన్నింగ్స్‌గారే.

మాంట్‌పీలియర్ నుంచి ముప్ఫై మైళ్ళలోపే కొండమీద మాంటిచెల్లో, థామస్ జెఫర్సన్ ఇల్లు. ఆయన స్వయంగా గీసుకున్న నమూనా. ముందు హాల్లో ఒక గడియారం ఉంది. ఫిరంగి గుండ్లలాంటి బరువులు తాళ్ళకు వేలాడుతూ గోడ పక్కన దిగుతుంటాయి. పక్కనే గోడమీద వారాల పేర్లు. బరువు ఏ పేరు దగ్గరుంటే ఆ వారం. హాలు ఎత్తు వారమంతటికీ చాలలేదు. అందుకని నేలలో కన్నం పెట్టించారు. శనివారం కింది నేలమాళిగలో ఉంటుంది. పిల్లలిద్దరూ శనివారం చూడ్డానికి మెట్లు దిగి పరిగెత్తారు. తోటలో వెయ్యి అడుగుల పొడవున కూరగాయల మళ్ళు, ఇంట్లో పుస్తకాలు, పరికరాలు. ఆయన మేధకు ఎవరైనా చేతులు జోడించాల్సిందే. తన సమాధి రాయి మీద ఏం రాయాలో ఆయనే చెప్పారు. స్వాతంత్ర్య ప్రకటన రచయిత, వర్జీనియా మతస్వేచ్ఛ చట్టం రచయిత, వర్జీనియా విశ్వవిద్యాలయ పిత. అధ్యక్ష పదవి ప్రస్తావనే లేదు.

ఇంటి కిందుగా మల్బరీ రో అనే బాట ఉంది. కమ్మరి కొలిమి, వడ్రంగి పని, మేకుల తయారీ, పనివాళ్ళ గుడిసెలు అక్కడే. జెఫర్సన్ జీవితకాలంలో ఆరువందల మందికి పైగా ఆయన బానిసలుగా ఉన్నారు. వాళ్ళలో సాలీ హెమింగ్స్ అనే స్త్రీ కన్న పిల్లలకు ఆయనే తండ్రి అన్నది వారసుల నోట తరతరాలుగా వస్తున్న మాట. చాలాకాలం దాన్ని కొట్టిపారేశారు. 1998లో డీఎన్ఏ పరీక్ష జరిగాక, పత్రాలన్నీ మళ్ళీ పరిశీలించి, మాంటిచెల్లోను నడిపే సంస్థే ఆ మాటను ఒప్పుకుంది. 2018లో ఆమె కథకు ఒక గది కేటాయించింది.

1826 జూలై 4న, తను రాసిన ప్రకటనకు సరిగ్గా యాభై ఏళ్ళు నిండిన రోజున జెఫర్సన్ కన్నుమూశారు. అప్పులు లక్ష డాలర్లు దాటిపోయాయి. వాటిని తీర్చడానికి 1827 జనవరిలో ఆ కొండమీదే 130 మంది మనుషుల్ని వేలం వేశారు. కమ్మరి జోసెఫ్ ఫాసెట్‌కు వీలునామాలో స్వేచ్ఛ వచ్చింది. ఆయన భార్య, పిల్లలు వేలంలో అమ్ముడుపోయారు. కొడుకు పీటర్‌కు అప్పుడు పదకొండేళ్ళు. ఆ పిల్లాడు చదువు నేర్చుకుని, రెండుసార్లు పారిపోవడానికి ప్రయత్నించి, పెద్దయ్యాక విడుదలై, సిన్సినాటిలో చర్చి పాస్టరయ్యారు. 1900లో, ఎనభై దాటిన వయసులో, మాంటిచెల్లోకు తిరిగివచ్చి ముందు గుమ్మంలోంచి అతిథిగా లోపలికి నడిచారు.

శ్రోతలారా, ఇవన్నీ విన్నాక పిల్లలకు పెద్దలమీద గౌరవం పోతుందేమోనని కొందరు భయపడతారు. నాకు ఆ భయం లేదు. అందరూ సమానమన్న మాట రాసిన చెయ్యి దాన్ని తన ఇంట్లో పాటించలేకపోయింది. అయినా ఆ మాటనే పట్టుకుని విమోచన ఉద్యమాలు నడిచాయి, లింకన్ మాట్లాడారు, ఓనా జడ్జ్ లాంటివాళ్ళు ఆ మాట తమకూ వర్తిస్తుందని బతికి చూపించారు. మాటకున్న విలువ, మనిషికున్న లోపం రెండూ పిల్లలు అర్థం చేసుకోగలరు. మనం దాచిపెడితేనే అర్థం కాకుండా పోతుంది. ఆ ఇళ్ళు కూడా ఈ నిజాన్ని ఒక్కరోజులో చెప్పలేదు. వారసులు అడగగా, పరిశోధకులు తవ్వగా, ఏళ్ళ తరబడి కొద్దికొద్దిగా చెప్పడం నేర్చుకున్నాయి.

వెళ్ళాలనుకునేవాళ్ళకు కొన్ని మాటలు. ఇండిపెండెన్స్ హాల్, గెటిస్‌బర్గ్, ఐసెన్‌హోవర్ ఇల్లు జాతీయ పార్కుల శాఖ చేతిలో ఉన్నాయి. అక్కడ పిల్లలకు జూనియర్ రేంజర్ పుస్తకం అడిగి తీసుకోండి. ప్రశ్నలకు జవాబులు రాసి ఇస్తే రేంజరు ప్రమాణం చేయించి బ్యాడ్జి ఇస్తారు. మౌంట్ వెర్నన్, మాంట్‌పీలియర్, మాంటిచెల్లో స్వచ్ఛంద సంస్థలవి, టికెట్టు కొనాలి. ముందుగా ఆన్‌లైన్‌లో కొనుక్కుంటే మంచిది. మాంటిచెల్లోలో కొండ కింద నుంచి పైకి బస్సు ఉంటుంది కనుక మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళు దిగులుపడక్కర్లేదు. ఇల్లు చూపించే టూరుతో సరిపెట్టుకోకండి. బానిసల జీవితం గురించి చెప్పే టూరు ఎప్పుడుందో అడిగి, దానికి కనీసం గంట సమయం ఉంచుకోండి. రోజుకు ఒక ఇల్లు చాలు. రెండు పెట్టుకుంటే పిల్లలు అలిసిపోతారు, మనమూ అలిసిపోతాం.

అమెరికాలో పెరుగుతున్న మన పిల్లలకు ఇది వాళ్ళ సొంత దేశ చరిత్ర. ఆ చరిత్రను తాతయ్య, అమ్మమ్మల పక్కన నిలబడి వింటే, పెద్దవాళ్ళు అడిగే ప్రశ్నలు వాళ్ళకు, వాళ్ళు అడిగే ప్రశ్నలు పెద్దవాళ్ళకు ఉపయోగపడతాయి. మీరు ఈసారి వెళ్ళినప్పుడు కొన్ని శని, ఆదివారాలు ఈ దారికి కేటాయించండి. ఏ ఇంటికి వెళ్ళినా గైడు చెప్పడం ముగించాక, ఈ ఇల్లు ఎవరి చేతులమీద నడిచిందో, వాళ్ళ పేర్లేమిటో పిల్లల చేతే అడిగించండి. ఆ ప్రశ్న అడగడం అలవాటైన పిల్లలు రేపు ఏ దేశంలో ఏ పెద్ద ఇంటికి యజమానులైనా, అందులో పనిచేసేవాళ్ళను పేరుపెట్టి పిలుస్తారు, సాటి మనుషులుగా చూస్తారు. చరిత్ర పాఠం చెప్పిన టీచరుగా, అమ్మమ్మగా నా నమ్మకం అది.